వీధి వాకిలి, పెరటి వాకిలి: జీవకణంలోని ఒక రేవు చరిత్ర

మన సంచికలో చరిత్ర వ్యాసమంటే ట్రూరో ఓడతో మొదలుకావడం ఆనవాయితీ. 1860 అక్టోబరులో మద్రాసు రేవు విడిచి, నవంబరు 16వ తేదీన 342 మందితో డర్బన్ చేరిన ఆ ఓడను గూర్చి మన పెద్దలు చాలాసార్లు, చాలా చక్కగా వ్రాశారు. దానికి నేను చేర్చగలిగినది ఏమీ లేదు. నేను వ్రాయదలచినది మరొక రేవు చరిత్ర. అది మన పేగులలో ఉన్నది, మూత్రపిండాలలో ఉన్నది, తల్లి రొమ్ములో ఉన్నది. కంటికి కనబడదు. కాని అక్కడ సరుకు దారి తప్పితే పసిబిడ్డ ప్రాణం పోవచ్చు. ఆ సరుకును ఎవరు విడదీస్తారు, ఎక్కడికి ఎలా చేరవేస్తారు అన్నది తెలుసుకోవడానికి మనుషులకు ఇంచుమించు వంద సంవత్సరాలు పట్టింది.

నేను బడిలో సైన్సు చెప్పుకుని బ్రతికినవాడిని. తెలుగు సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నది. కావున పుస్తకాలలోని పెద్ద పెద్ద సంస్కృత పదాల కన్న ఇంటి మాటలే ఎక్కువగా వాడతాను. పండితులు మన్నింతురు గాక.

పేగు లోపలి గోడను, మూత్రం తయారయ్యే సన్నని నాళాలను, గాలిగొట్టాలను, ఉమ్మి ఊరే గ్రంథులను కప్పి ఒక పలుచని పొర ఉంటుంది. దీనిని ఇంగ్లీషులో ఎపిథీలియం అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాలలో ఉపకళ అని ఉన్నది. ఈ పొరలో కణాలు చెరకు తోటలలోని పాత బ్యారక్ ఇళ్ళవలె గోడకు గోడ ఆనించి వరుసగా ఉంటాయి. ప్రతి కణానికి రెండు వైపులు. ఒకటి తిన్న అన్నమో, పీల్చిన గాలో, మూత్రమో వచ్చిపోయే వైపు. దానిని నేను వీధివైపు అంటాను. రెండవది రక్తం ఉన్న వైపు. అది పెరటివైపు. పక్కింటితో కలిసిన గోడలు కూడా పెరటి లెక్కలోకే వస్తాయి.

కణాన్ని చుట్టి ఉన్న పొర ఒకటే అయినా, వీధివైపు అందులో ఉండే ప్రోటీన్లు వేరు, పెరటివైపు ఉండేవి వేరు. ప్రోటీన్లు అంటే పప్పులో, గుడ్డులో ఉండే బలం అని మాత్రమే అనుకోవద్దు. కణానికి తలుపు, తాళం, నీరు తోడే పంపు, బరువు మోసే మనిషి, అన్నీ ప్రోటీన్లే. పేగు కణం వీధి తలుపు గుండా చక్కెరను లోపలికి తీసుకుని, పెరటి తలుపు గుండా రక్తంలోకి పంపుతుంది. ఈ రెండు తలుపులు వేరువేరు ప్రోటీన్లు. ఏ తలుపు ఎక్కడ ఉండాలో అక్కడ ఉంటేనే మనం తిన్నది ఒంటికి పడుతుంది.

ఈ సంగతి మొదట తేటపడినది కప్ప చర్మం వల్ల. డెన్మార్కు దేశంలో కోపెన్‌హేగన్ నగరంలో హాన్స్ ఉస్సింగ్ అనే శాస్త్రజ్ఞుడు కప్ప చర్మాన్ని రెండు నీటి గదుల నడుమ తెరలాగ కట్టాడు. రెండు గదులలోను ఒకే ఉప్పునీరు పోశాడు. అయినా ఉప్పులోని సోడియం మాత్రం చర్మం బయటివైపు నుండి లోపలివైపుకే నడిచింది. చెరువులో ఉప్పు చాలా తక్కువ, కప్ప ఒంటికి ఉప్పు కావాలి. అందుకని దాని చర్మం ఎల్లవేళలా ఒకే దిక్కుకు ఉప్పును తోడుకుంటుంది. 1958లో ఉస్సింగ్, ఆయన సహచరి వాల్బోర్గ్ కోఫోడ్ జాన్సెన్ కలిసి దీనికి కారణం చెప్పారు. కణానికి బయటి ముఖం ఒక రకం, లోపలి ముఖం ఇంకొక రకం. బయటి ముఖంలో సోడియం జారి లోపలికి వచ్చే దారి ఉన్నది, లోపలి ముఖంలో దానిని గెంటివేసే పంపు ఉన్నది. పంపు ఒకే వైపు ఉన్నందువల్లనే మొత్తం పొరకు దిక్కు ఏర్పడింది.

ఆ పంపును అంతకు ఒక సంవత్సరం ముందు, 1957లో, అదే దేశస్థుడు యెన్స్ స్కౌ పీత నరాలలో కనిపెట్టాడు. దానికి 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. నలభై ఏళ్ళు ఆగవలసి వచ్చినది పాపం. ఆ పంపు నడవడానికి కావలసిన ఇంధనం ఏటీపీ. 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఆ పదార్థాన్ని వేరుచేసినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. సుబ్బారావుగారి పేరు మన పిల్లలలో ఎందరికి తెలుసు? డర్బన్ బడులలో ఏటీపీ అన్న మూడక్షరాలు ప్రతి ఏటా బట్టీ పట్టిస్తాము, ఆయన పేరు మాత్రం ఏ పాఠంలోనూ రాదు.

1960లో ప్రాగ్ నగరంలో జరిగిన ఒక సభలో రాబర్ట్ క్రేన్ అనే అమెరికన్ మరొక మాట చెప్పాడు. పేగు కణం వీధి తలుపులో చక్కెర ఒంటరిగా రాదు, సోడియంతో చేయి కలిపి వస్తుంది అని. ఈ మాటను గుర్తు పెట్టుకోండి, వ్యాసం చివర దీనితో పని ఉన్నది.

సరే, రెండు వైపులా వేరువేరు తలుపులు ఉన్నవి. ఒకదానిలోనిది జారి రెండవదానిలోకి పోదా? కణపొర అంటే గట్టి గోడ కాదు, నూనె తెట్టె వంటిది. అందులో ప్రోటీన్లు తేలుతూ ఉంటాయి. 1963లో మేరిలిన్ ఫార్కర్, జార్జి పలాడే అనేవారు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసి, పక్కపక్క కణాలు వీధి అంచున ఒకదానితో ఒకటి నడికట్టు చుట్టినట్లు బిగిసి ఉంటాయని చూపారు. ఈ కట్టు నీటిని ఆపుతుంది, వీధి ప్రోటీన్లు పెరటిలోకి జారకుండా అడ్డుకుంటుంది కూడా. అయితే కట్టు ఉన్నవాటిని ఉన్నచోట ఉంచగలదు గాని, మొదట అవి అక్కడికి ఎలా చేరాయో చెప్పలేదు. అసలు ప్రశ్న అది.

ఇక్కడ పలాడే కథ కొంచెం చెప్పాలి. ఆయన రుమేనియా దేశంలో 1912లో పుట్టి, యుద్ధం ముగిశాక 1946లో అమెరికా వెళ్ళాడు. న్యూయార్కులో రాక్‌ఫెల్లర్ సంస్థలో గినీ పందుల క్లోమగ్రంథిని పరిశీలించాడు. అన్నం అరగడానికి కావలసిన రసాలు ఊరేది అక్కడే. 1960 దశకంలో ఆయన, జేమ్స్ జేమీసన్ కలిసి, ప్రోటీన్లను తయారుచేసే ముడిసరుకులో రేడియో ధార్మికత గల గుర్తు కలిపి, కేవలం 3 నిమిషాల పాటు కణాలకు అందించారు. తరువాత ఆ గుర్తు ఎక్కడెక్కడికి పోతున్నదో ఫొటో ఫిల్ము మీద చూశారు. మొదట అది కణం లోపలి వలవంటి గదులలో కనబడింది. ప్రోటీన్లు తయారయ్యే కార్ఖానా అది. కొంతసేపటికి గాల్జీ అనే పొరల దొంతరలోకి వచ్చింది. రెండు గంటలు కావస్తుండగా చిన్న చిన్న సంచులలో చేరి, కణం వీధి అంచుకు వచ్చి బయటపడుతున్నది. కార్ఖానా, దొంతర, సంచులు, అంచు: దారి మొత్తం దొరికింది.

గాల్జీ అన్నది మనిషి పేరు. కామిల్లో గాల్జీ అనే ఇటలీ వైద్యుడు 1898లో నరకణాలకు వెండి రంగు పట్టించి ఈ దొంతరను చూశాడు. తరువాత యాభై ఏళ్ళకు పైగా, అది నిజంగా ఉన్న వస్తువు కాదు, రంగు వేయడంలో పడిన మచ్చ అని వాదించినవారు చాలామంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక గాని ఆ తగవు తీరలేదు. పలాడేకు 1974లో ఆల్బర్ట్ క్లాడ్, క్రిస్టియన్ ద డువ్‌లతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

పలాడే దగ్గర చేరిన గుంటర్ బ్లోబెల్ అనే జర్మన్, అర్జెంటీనా నుండి వచ్చిన డేవిడ్ సబటీని అనే వైద్యుడు 1971లో ఒక ఊహ చేశారు. ప్రోటీను తన చిరునామాను తన ఒంటిమీదనే వ్రాసుకుని పుడుతుంది అని. ప్రోటీను అంటే అమైనో ఆమ్లాల దండ. ఆ దండ మొదట్లో ఉన్న కొన్ని పూసలే ‘నన్ను కార్ఖానా గదిలోకి పంపండి’ అని చెప్పే చీటీ. 1975 నాటికి బ్లోబెల్ దానిని పరీక్షనాళికలో రుజువు చేసి చూపాడు. 1999లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1945లో కుటుంబంతో కాందిశీకుడై పారిపోతూ, బాంబులకు బూడిద కాకముందు డ్రెస్డెన్ నగరాన్ని చూసిన బాలుడు ఆయన. బహుమతి డబ్బును ఆ నగరంలో చర్చి, యూదుల ప్రార్థనాలయం మళ్ళీ కట్టడానికి ఇచ్చివేశాడు.

చిరునామా ప్రోటీను ఒంటిమీదే ఉన్నదన్న మాట నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. 1860 నుండి 1911 వరకు నటాల్‌కు వచ్చిన ఒక లక్షా యాభై రెండు వేల మందిలో ప్రతివారికి ఒక సంఖ్య ఇచ్చారు. ఓడ జాబితాలో పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చ వ్రాసుకున్నారు. రేవులో దించి, ఈ సంఖ్యవారు టోంగాట్‌కు, ఆ సంఖ్యవారు ఉమ్‌జింటోకు అని పంచిపెట్టారు. ఆ చిరునామా వారి ఒంటిమీద లేదు, వేరెవరో కాగితం మీద వ్రాసినది. మా తాతగారిది కూడా అటువంటి కాగితమే. అందుచేత కణాన్ని రేవుతో పోల్చడం పిల్లలకు చెప్పడానికి సులభమే గాని, ఆ పోలిక ఇంతవరకే పనికి వస్తుంది.

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాము. కార్ఖానా గదిలోకి పోవడానికి చీటీ ఉన్నదని తేలింది. అక్కడినుండి వీధికా పెరటికా అన్నది ఎవరు తేలుస్తారు? క్లోమకణంలో చూడడం కష్టం. ఒక జాతి కణాలే చదునుగా, పరుపు పరిచినట్లు గాజు పళ్ళెంలో పెరగాలి, చూడడానికి గుర్తుపట్టగల సరుకు ఏదైనా కావాలి.

కణాలు దొరికినది ఒక కుక్క నుండి. 1958లో కాలిఫోర్నియాలో మాడిన్, డార్బీ అనే ఇద్దరు ఒక కాకర్ స్పానియల్ ఆడకుక్క మూత్రపిండం నుండి కణాలు తీసి పెంచారు. వారికి కావలసినది వైరసులు పెంచుకునే చేను మాత్రమే. ఆ కణాలు ఈనాటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలలలో పెరుగుతున్నవి. ఎం.డి.సి.కె. అని వాటి పేరు. వాటిని పళ్ళెంలో పెంచితే ఒక వింత కనిపించేది. పొర అక్కడక్కడ పూరీ పొంగినట్లు పొంగేది. కణాలు మూత్రపిండంలో చేసే పనినే పళ్ళెంలోనూ చేస్తూ, వీధివైపు నుండి నీటిని తోడి పెరటివైపు పంపుతున్నాయి. పెరడు గాజుకు అంటుకుని ఉన్నది కనుక నీరు పోయే దారి లేక పొర పైకి లేస్తున్నది. పళ్ళెంలో ఉన్నా వాటికి వీధి ఏదో పెరడు ఏదో తెలుసన్న మాట. 1978లో మార్సెలీనో సెరెయిహీదో, సబటీని మొదలైనవారు ఈ కణాలను గాజు మీద కాక, నీరు ఇంకే తెర మీద పెంచి, రెండు వైపులను విడివిడిగా కొలిచే ఉపాయం చెప్పారు. సెరెయిహీదో కూడా అర్జెంటీనావాడే. 1976లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చాక మెక్సికోలో స్థిరపడ్డాడు.

గుర్తుపట్టగల సరుకు దొరికినది వైరసుల వల్ల. న్యూయార్కు విశ్వవిద్యాలయంలో సబటీని దగ్గర పనిచేస్తున్న ఎన్రికే రోడ్రిగెజ్ బూలాన్ (ఆయనా అర్జెంటీనా వైద్యుడే) ఈ కుక్క కణాలకు రెండు రకాల వైరసులు అంటించాడు. ఒకటి మనకందరికీ తెలిసిన ఇన్‌ఫ్లుయెంజా. రెండవది పశువుల నోటిలో పొక్కులు పుట్టించే వైరస్. ఈ రెండూ కణం నుండి బయటికి వచ్చేటప్పుడు కణపొరనే చొక్కాలాగ తొడుక్కుని వస్తాయి. ఆ చొక్కాకు బొత్తాముల వంటి ప్రోటీన్లు వైరసువే, కాని వాటిని తయారుచేసి పంపేది కణం. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే, ఇన్‌ఫ్లుయెంజా మొత్తం వీధివైపు నుండే మొగ్గ తొడుగుతున్నది. పశువుల వైరస్ మొత్తం పెరటివైపు, పక్క గోడలవైపు నుండే వస్తున్నది. కణం ఒకటే, కార్ఖానా ఒకటే, దారులు రెండు!

1978లో అచ్చయిన ఈ ఫలితం ఈ శాస్త్రానికి ట్రూరో ఓడ వంటిది అని నా అభిప్రాయం. ఎందుకంటారా? వైరసుకు సొంత చేరవేత ఏర్పాటు లేదు. అది కణం వాడుకునే బండినే ఎక్కుతుంది. కావున వైరసు ప్రోటీను ఎక్కడికి పోతే, కణంలో అక్కడికి పోయే బండి ఒకటి ఉన్నదని అర్థం. ఇన్ని వేల ప్రోటీన్ల గుంపులో ఒకదానిని వెంబడించడం ఎలాగా అని తలపట్టుకున్నవారికి, ఒకే సరుకు పుష్కలంగా తయారయ్యే కణం దొరికింది. రెండు సంవత్సరాలకు, 1980లో, వైరసు మొగ్గ తొడగక ముందే దాని ప్రోటీన్లు తమ తమ వైపులకు చేరుతున్నాయని కూడా చూపారు.

అయితే విడదీసేది ఎక్కడ? 1984లో న్యూయార్కు బృందం ఒకే కణానికి రెండు వైరసులనూ అంటించి చూసింది. రెండింటి ప్రోటీన్లు గాల్జీ దొంతరలో ఒకే అరలో పక్కపక్కన ఉన్నాయి. అంటే అంతవరకు కలిసే ప్రయాణం చేశాయి. జర్మనీలో హైడెల్‌బర్గ్ నగరంలో ఫిన్లాండు దేశస్థుడు కై సిమన్స్, ఆయన బృందం ఒక చక్కని ఉపాయం వాడారు. కణాలను 20 డిగ్రీల చల్లదనంలో ఉంచితే ప్రోటీన్లు గాల్జీ చివరి అర దాకా వచ్చి అక్కడ ఆగిపోతాయి. మళ్ళీ 37 డిగ్రీలకు వేడిచేస్తే ఒక్కసారిగా బయలుదేరి తమ తమ వైపులకు పోతాయి. రైలును స్టేషనులో ఆపి, ఎవరు ఏ పెట్టెలోకి మారుతున్నారో చూడడం లాంటిది. ఆ చివరి అరే సరుకు విడదీసే రేవు అని 1986లో సిమన్స్, గారెత్ గ్రిఫిత్స్ కలిసి ప్రకటించారు.

రేవు దొరికింది, చీటీ దొరకాలి. చాలామంది అనుకున్నది ఏమంటే, వీధివైపు పొర ప్రత్యేకమైనది కనుక చీటీ వీధి సరుకుకే ఉంటుంది, చీటీ లేనిది ఊరికే పెరట్లోకి పోతుంది అని. తీరా చూస్తే పెరటి సరుకుకే స్పష్టమైన చీటీ ఉన్నది! కీత్ మోస్టోవ్ అనే ఆయన తల్లిపాలకు సంబంధించిన ఒక ప్రోటీనుతో దీనిని చూపాడు. పసిబిడ్డకు తల్లిపాలతో పాటు రోగాలను అడ్డుకునే రక్షక పదార్థాలు అందుతాయి కదా. అవి తల్లి రక్తం వైపు నుండి రొమ్ము కణం గుండా పాలలోకి రావాలి. వాటిని మోసే ప్రోటీను మొదట పెరటికి పోయి, అక్కడ సరుకు ఎత్తుకుని, కణం లోపలి నుండి నడిచి, వీధి వాకిట పాలలో దించుతుంది. తిరిగి రాదు, సరుకుతో పాటు తానూ సగం తెగి పాలలో కలిసిపోతుంది. 1986 నుండి 1991 వరకు జరిగిన పరిశోధనలలో, దాని తోకలో ఉన్న ఒక చిన్న ముక్కే పెరటి చీటీ అని తేలింది. ఆ ముక్కను కోసివేస్తే అది పెరటికి పోవడం మాని నేరుగా వీధికి పోయింది. వేరొక ప్రోటీనుకు ఆ ముక్క అతికిస్తే అది పెరటికి పోయింది.

చీటీ చదివేవాడు కూడా కావాలి కదా. 1999లో యేల్ విశ్వవిద్యాలయంలో హైకే ఫోల్ష్, ఐరా మెల్మన్ మొదలైనవారు అతనిని పట్టుకున్నారు. పంది మూత్రపిండం నుండి తీసిన ఒక జాతి కణాలు పెరటి సరుకును తప్పుగా వీధికి పంపుతుండేవి. వాటిలో ఒక చిన్న ప్రోటీను లోపించింది. దాని జన్యువును లోపల పెట్టగానే సరుకు చక్కగా పెరటికి పోయింది. గుమాస్తా కుర్చీ ఖాళీగా ఉన్నది, మనిషిని కూర్చోబెట్టగానే పని నడిచింది.

వీధి చీటీ కథ ఇంత శుభ్రంగా లేదు. కొన్నిటికి ఒంటికి అతికిన చక్కెర గొలుసులే గుర్తు. కొన్నిటికి కొవ్వుతో చేసిన కాలు ఉంటుంది. కొన్ని కొవ్వు పదార్థాలు పొరలో తెప్పలుగా గుమికూడి, ఎక్కవలసిన ప్రోటీన్లను ఎక్కించుకుని పోతాయని సిమన్స్ 1988లోనే, డచ్చి దేశస్థుడు గెరిట్ వాన్ మేయర్‌తో కలిసి ప్రతిపాదించాడు. 1997లో ఆ ఊహ ప్రపంచప్రసిద్ధి పొందింది. తెప్పలు ఎంత పెద్దవి, ఎంతసేపు నిలుస్తాయి, అసలు బ్రతికిన కణంలో ఉన్నాయా అని పండితులు చాలా ఏళ్ళు పోట్లాడుకున్నారు. గాల్జీ మచ్చ తగవు గుర్తుకు వస్తుంది.

దారి కూడా అన్ని కణాలలో ఒకటి కాదు. కుక్క మూత్రపిండంలో రేవు నుండే నేరుగా రెండు దారులు. కాలేయంలో అలా కాదు. 1987లో ఆన్ హబ్బర్డ్, ఆమె సహచరులు ఎలుక కాలేయంలో చూసినది ఏమంటే, పైత్యరసం పారే వీధివైపు ఉండవలసిన ప్రోటీన్లు కూడా మొదట పెరటికే పోయి, అక్కడినుండి మళ్ళీ బయలుదేరి వీధికి చేరుతున్నాయి. మన కుటుంబాలలో సగం అంతే కదా: మొదట పంచిన తోట ఒకటి, ఒప్పందం తీరాక స్థిరపడిన ఊరు ఇంకొకటి.

ఇదంతా పళ్ళెంలో ఆడుకునే ఆట అనుకునేవారికి మూడు సంగతులు చెబుతాను. ఫిన్లాండులో టుర్కూ పట్టణం పేరుతో ఒక వంశపారంపర్య వ్యాధి రకం ఉన్నది. రక్తంలో కొలెస్టరాల్ విపరీతంగా పెరుగుతుంది. 2001లో తెలిసినది ఏమంటే, కొలెస్టరాల్‌ను రక్తంలో నుండి పట్టుకోవలసిన ప్రోటీను బాగానే ఉన్నది, దాని తోకలో ఒకే ఒక్క పూస మారినందువల్ల కాలేయంలో రక్తం వైపు ఉండక పైత్యరసం వైపు పోతున్నది. ఈ జాతి జబ్బు మన దేశంలో ఆఫ్రికానర్ కుటుంబాలలో ఎక్కువ. వారి జన్యులోపాలు వేరు, జబ్బు పేరు మాత్రం ఒకటే.

రెండవది పసిపిల్లల జబ్బు. పుట్టిన కొద్ది రోజులకే నీళ్ళ విరేచనాలు మొదలై, పాలు మాన్పించినా ఆగవు. 1978లో, వైరసుల వ్యాసం వచ్చిన ఏడే, కెనడా వైద్యులు దీనిని మొదట వర్ణించారు. పేగు కణానికి వీధివైపు ఉండవలసిన కుచ్చు, గుడ్డను లోపలికి ముడిచినట్లు కణం కడుపులో ఇరుక్కుని ఉంటుంది. 2008లో కారణం దొరికింది. వీధి సరుకు సంచులను వీపున మోసుకుని నడిచే ఒక ప్రోటీనులో లోపం. (తెలుగులో కూలి అన్నది గౌరవమైన మాటే. ఈ దేశంలో దానిని తిట్టుగా వాడారు కనుక నేను ఆ మాట ఇక్కడ వ్రాయలేదు.) తలుపులన్నీ చక్కగా తయారయ్యాయి, గుమ్మం దాకా మోసేవాడు లేడు. ఆ బిడ్డలు నరం ద్వారా ఎక్కించే ఆహారంతోనో, పేగు మార్పిడితోనో బ్రతకాలి.

మూడవది సిస్టిక్ ఫైబ్రోసిస్. 1989లో జన్యువు దొరికింది. ఎక్కువమంది రోగులలో ఊపిరితిత్తుల వీధి తలుపు కార్ఖానా గదిలోనే ఆగిపోతున్నదని 1990లో తెలిసింది. తలుపును దారిన పెట్టే మందుల కలయిక 2019లో అమెరికాలో ఆమోదం పొందింది.

ఆ తలుపుకే కలరాతో సంబంధం ఉన్నది. 2000 ఆగస్టులో మన క్వాజులు నటాల్‌లో మొదలైన కలరా మనలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. లక్షకు పైగా జనం జబ్బుపడ్డారు. కలరా విషం పేగు కణం వీధి గుమ్మానికి అంటుకుని, కణం సొంత బండ్లనే ఎక్కి, వచ్చే దారికి ఎదురుగా, గాల్జీ గుండా కార్ఖానా గది దాకా పోతుంది. అక్కడినుండి బయటపడి, ఆ వీధి తలుపును తెరిచి మూయనివ్వకుండా చేస్తుంది. ఉప్పు వీధిలోకి పారిపోతుంది, దాని వెంట నీరు. కొన్ని గంటలలో మనిషి ఎండిపోతాడు.

కాని విషం ముట్టుకోని తలుపు ఒకటి ఉన్నది. ప్రాగ్ సభలో క్రేన్ చెప్పిన తలుపు, చక్కెర సోడియం చేయి కలిపి వచ్చేది. కలరా రోగిలో కూడా అది తన చోట, వీధివైపున, పనిచేస్తూనే ఉంటుంది. చక్కెర, ఉప్పు కలిపిన నీరు త్రాగిస్తే రెండూ కలిసి లోపలికి వస్తాయి, నీరు వాటి వెంట వస్తుంది. 1968లో ఢాకాలో ఇది రోగుల మీద పనిచేస్తుందని చూపారు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి కాందిశీకుల శిబిరంలో, బనగావ్ దగ్గర, దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు సూదులు, సీసాలు చాలక ఈ నీటినే డ్రమ్ములలో కలిపించి పంచాడు. నూటికి 30 మంది చనిపోతున్నచోట ఆ సంఖ్య 4కు లోపుగా తగ్గింది. 2000లో మన ప్రాంతంలో చావులు నూటికి ఒకటి కన్న తక్కువకు ఆగడానికి ఈ నీరు పెద్ద కారణం. మన క్లినిక్కులలో నర్సులు చెప్పిన లెక్క ఇప్పటికీ అదే: ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో 8 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం.

చివరగా మన ఇళ్ళ సంగతి. భారత సంతతి కుటుంబాలలో మధుమేహం ఎక్కువని డర్బన్ వైద్యులు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు, మనమూ చూస్తూనే ఉన్నాము. మూత్రపిండం రోజుకు సుమారు 180 గ్రాముల చక్కెరను వడపోసి, మళ్ళీ దాదాపు అంతా రక్తంలోకి తెచ్చుకుంటుంది. అందులో పది పాళ్ళకు తొమ్మిది పాళ్ళు ఒకే వీధి తలుపు గుండా వస్తుంది. క్రేన్ చెప్పిన తలుపుకు అది చెల్లెలు. ఆపిల్ చెట్టు వేరు బెరడులో దొరికే ఒక చేదు పదార్థం తింటే మూత్రంలో చక్కెర పోతుందని 1886లోనే వాన్ మేరింగ్ అనే జర్మన్ వైద్యుడు చూపాడు. అది ఆ తలుపును మూసివేస్తున్నదని తెలియడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఆ పదార్థాన్ని మందుగా వాడలేకపోయారు. ఎందుకంటే అది పేగు తలుపును కూడా మూసేది. దాని నమూనాను మార్చి, మూత్రపిండం తలుపును మాత్రమే మూసే మాత్రలు చేశారు. ఐరోపాలో 2012లో, అమెరికాలో 2013లో అవి మొదట వాడుకలోకి వచ్చాయి. మాత్ర వేసుకున్నవారికి మూత్రంలో చక్కెర కనబడితే కంగారు పడనక్కరలేదు, మందు చేయవలసిన పని అదే. కాని వాంతులై అన్నం సయించని రోజున ఆ మాత్రను గూర్చి వెంటనే వైద్యుణ్ణి అడగాలి. ఇంట్లో అమ్మమ్మగారి, తాతగారి మందుల డబ్బా తెరిచి చూడండి. పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉన్న మాత్ర ఏదైనా ఉంటే, అది ఆ వీధి తలుపుకు వేసే గడియ.